గంప కింద పట్టినన్ని

మా ఇంట్లో ఎన్ని కోళ్లు ఉండాలో తేల్చేది నేను కాదు, మా ఆయనా కాదు, గంప. మా అత్త అంజమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో పెట్టిన పద్ధతి అది. పొద్దుగూకేవేళకి కోళ్లన్నిటినీ పోగేసి వెదురు గంప కింద కమ్మి, కుక్కలు తోసెయ్యకుండా పైన రాయి పెడతాం. అన్నీ పట్టాయా, సరే. ఒకటి పట్టక బయట మిగిలిందా, దానికి నూకలు చెల్లినట్టే. మర్నాడు కూరన్నా అవుతుంది, నాతోపాటు ఆటోలో రేపల్లె మార్కెట్టుకన్నా వస్తుంది.

ఇందులో పిసినారితనం ఏమీ లేదు. మాది నిజాంపట్నం దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. మా ఆయన జమలయ్య తన బావ మస్తానయ్య బోటు మీద వేటకి వెళతాడు. వచ్చిన చేపని నేను రేపల్లెలో అమ్ముతాను. ఇంటి దగ్గర చేప కోసినప్పుడు పడే పేగులు, మొప్పలు ఒక గంప కోళ్లకి సరిగ్గా సరిపోతాయి. అంతకు మించితే మేత కొనాలి. కొని మేపే కోడి ఇంటిని మేస్తుందని మా అత్త మాట. అందుకే ఏప్రిల్లో వేట నిషేధం వస్తుందనగానే, చేప రాని ఆ రెండు నెలల కోసం ఉన్న కోళ్లలో సగం అమ్మేసేదాన్ని.

ఆ ఏడు మా ఆయన నన్ను అమ్మనివ్వలేదు.

మామూలుగా నిషేధం మొదలైన వారం ఆయన నిద్రపోతాడు. రెండో వారం వలలు ముందేసుకుని చిరుగులు కుట్టుకుంటాడు. ఆ తర్వాత నా వంటకి వంకలు పెడతాడు. నిషేధం చేపలకి మంచిదేమో గానీ కాపురాలకి కాదని మా వాడలో ఆడవాళ్లం నవ్వుకుంటాం. ఆ ఏడు మాత్రం బోటు ఒడ్డెక్కిన మర్నాటి నుంచే పెరట్లో పీట వేసుకుని కోళ్లని చూస్తూ కూర్చున్నాడు. ఏ పెట్ట ఎక్కడ గుడ్డు పెడుతుందో, ఏది దేన్ని పొడుస్తుందో, ఏది పొదుగుకి వచ్చిందో నాకే చెప్పడం మొదలుపెట్టాడు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ కోళ్ల రెట్ట ఊడ్చేది నేను, పాఠం చెప్పేది ఆయన. అమ్ముదామని రెండు పెట్టల కాళ్లు కట్టి గుమ్మంలో పెడితే, నేను చీర మార్చుకుని వచ్చేలోపు తాళ్లు విప్పి వదిలేశాడు.

ఆ వారంలోనే రేపల్లె వెళ్లి కొత్త గంప ఒకటి నెత్తిన పెట్టుకుని వచ్చాడు. మా అత్త అరుగు మీద కూర్చుని వక్క నములుతోంది. గంపని చూసింది, కొడుకుని చూసింది.

"ఏంటిరా అది?"

"రెండో గంపమ్మా. పెట్టలు పొదుగుకొచ్చినయ్. ఈ ఏడు అన్నిట్నీ కూకోబెడతా."

"ఈ ఇంట్లో రెండో గంప ఎప్పుడూ లేదు" అని మా అత్త వక్క ఊసి లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత నాతో చాలా అంది. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయి, గుడ్లు ఒక లెక్కా, అన్నీ మురిగి ఇల్లంతా కంపు కొడుతుంది, వాడికి చెప్పుకో అంది. నేను చెప్పాను. ఆయన దగ్గర దానికీ ఉపాయం ఉంది. వెడల్పాటి మట్టి మూకుళ్లలో సముద్రపు ఇసుక పోసి, తడిపి, పైన గడ్డి పరిచి దాని మీద గుడ్లు పెట్టాడు. మూకుళ్లని ఇంట్లోకెల్లా చల్లగా ఉండే చోటికి చేర్చాడు. ఆ చోటు నేను మధ్యాహ్నం నడుం వాల్చేది. ఆ వేసవంతా అక్కడ పెట్టలు పడుకున్నాయి, నేను వంటింటి గడప మీద తల పెట్టుకున్నాను.

గుడ్లు ఇంకా మూకుట్లో ఉండగానే వాటిలో ఎన్ని పెట్టలవుతాయి, ఆ పెట్టలు ఎన్ని గుడ్లు పెడతాయి అని వేళ్లు మడుస్తుంటే, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నాను. ఆయన గట్టిగా నవ్వాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఎందుకంటే ఆ ఫిబ్రవరి నుంచీ ఆయన నవ్వగా నేను చూడలేదు. అప్పట్లో ఒకరోజు జెట్టీ మీద జారి పడ్డానని చీలమండ దగ్గర తోలు లేచిపోయి ఇంటికి వచ్చాడు. పసుపు అద్దాను. పుండు మానింది గానీ మనిషి మాత్రం పిలిస్తే పలక్కుండా, పలికితే పొడిపొడిగా తయారయ్యాడు. ఇప్పుడు కోళ్ల పిచ్చి పడితే పట్టింది, మొహాన కళ వచ్చింది కదా అని ఊరుకున్నాను.

మా అత్త అన్నట్టు అన్నీ మురగలేదు. సగానికి పైగా పిల్లలయ్యాయి. గద్దలు తన్నుకుపోకుండా ఆయన పాత వల ఒకటి పెరడంతా పందిరిలా కట్టి, అంచుల్ని కంచెలా కిందికి దించాడు. మేత కోసం వారానికోసారి అమృతలూరు వైపు మిల్లుకి పోయి నూకలూ తవుడూ మోసుకొచ్చేవాడు. బాపట్లలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే మా అమ్మాయి ప్రియాంక ఫోన్ చేస్తే, తండ్రి దాన్ని తిన్నావా అని అడక్కుండా ఏ కోడిపిల్ల ఏ రంగో చెప్పేవాడు.

అంతవరకు ఫరవాలేదు. కానీ ఆయన నోట్లో ఒక ప్రశ్న నానుతూ ఉండేది. అన్నం తింటూ అడిగేవాడు, కొట్టు దగ్గర నిలబడి అడిగేవాడు, దారిన పోయేవాళ్లని ఆపి అడిగేవాడు.

"రత్నం, ఒక ఇల్లు గడవాలంటే ఎన్ని కోళ్లుండాలంటావ్?"

ఇప్పుడైతే మన మీదే కోళ్లు గడుస్తున్నాయి అన్నాను. ఆయన ఈసారి నవ్వలేదు. నిజంగానే జవాబు కావాలన్నట్టు నా మొహంలోకి చూశాడు.

దుగ్గిరాల దగ్గర కాలవగట్టు మీద డేనియల్ అనే ఆయన నాటుకోళ్లు పెంచుతాడని ఎవరో చెప్పారు. చూసొద్దాం రమ్మన్నాడు. రేపల్లెలో పాసింజరెక్కి తెనాల్లో దిగి ఆటోలో వెళ్లాం. డేనియల్ గారి షెడ్డు చాలా పెద్దది, అందులో కోళ్లు మాత్రం కాసినే ఉన్నాయి. మా ఆయన మొహం వాడిపోయింది. డేనియల్ గారు మమ్మల్ని వేపచెట్టు కింద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించి, ఒకప్పుడు ఆ షెడ్డు నిండా కోళ్లుండేవని చెప్పాడు. ఒక వేసవిలో కొక్కెర తెగులు వచ్చిందట. ఏ కోడి ముందు నలతపడిందో ఆయన పోల్చుకోలేకపోయాడట. పోల్చుకునేసరికి తెగులు షెడ్డంతా పాకి చాలా కోళ్లు చచ్చిపోయాయట.

"నువ్వు మొహం గుర్తుపట్టగలిగినన్నే ఉంచుకో తమ్ముడూ. ఇంకోటి, వాటి తిండి నీ ఇంట్లోనే పుట్టాలి. అన్నీ కొని పెట్టావనుకో, అవి నీ కోళ్లు కావు, కొట్టువాడి కోళ్లు" అన్నాడు.

మా అత్త మాట కాలవ పక్కన కూడా వినపడ్డందుకు నాకు సంతోషం వేసింది. అప్పుడు డేనియల్ గారు ఊరికే అడిగినట్టు అడిగాడు.

"అయినా సముద్రం మీదికి పోయేవాడివి, నీకెందుకయ్యా ఇన్ని కోళ్లు?"

మా ఆయన కాలవలో నీళ్లని చూస్తూ కూర్చున్నాడు. తిరుగు దారిలో తెనాలి స్టేషన్లో మల్లెపూలు కొని నా చేతిలో పెట్టాడు. అడక్కుండా పూలు కొనే రకం కాదు ఆయన. పూలు తల్లో పెట్టుకున్నాను. ఈయన నా దగ్గర ఏదో దాస్తున్నాడు, అది కోళ్ల సంగతి కాదు అనుకున్నాను.

అదేమిటో తెలిసింది ఒక మధ్యాహ్నం పూట. ఎండ మండిపోతోంది. మా అత్త లోపల పడుకుంది, నేను గోలెం దగ్గర గిన్నెలు తోముతున్నాను. ఒక ఎర్ర పెట్ట దేనికో బెదిరి ఎగిరి వలకి తగులుకుంది. కాలు వల కన్నులో ఇరుక్కుని తలకిందులుగా వేలాడుతూ రెక్కలు కొట్టుకోసాగింది. కొట్టుకునే కొద్దీ దారం కాలికి ఇంకా బిగుస్తోంది. ఆయన పీట మీంచి లేచి పరుగెత్తాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా వాళ్లు వలని కొయ్యరు. చేప ఎంత చిక్కుపడినా, ముళ్ల పీత అల్లుకుపోయినా, వేళ్లతో ఒక్కో కన్నూ తప్పించి తీస్తారు గానీ దారం తెగనివ్వరు. పాత వలైనా సరే. అందులో మా ఆయన చెయ్యి మరీ సుతారం. బోటు మీద అందరూ విసిగి వదిలేసిన చిక్కుల్ని ఆయనకే ఇస్తారు. అట్లాంటి మనిషి ఆ పెట్ట దగ్గరికి పోయి చేతులు ముందుకి చాచి ఆగిపోయాడు. వెనక్కి తిరిగి, నేను చేపలు కోసే కత్తి తీసుకుని వలని కోశాడు. పెట్ట కిందపడి కుంటుకుంటూ పోయాక కూడా కోస్తూనే ఉన్నాడు. వల నిలువునా చీలి నేల మీద పడింది.

నేను మసి చేతులతో అలాగే లేచి ఆయన చేతిలో కత్తి తీసుకున్నాను. గోడ నీడన కూర్చోబెట్టి చెంబుతో నీళ్లిచ్చాను. నీళ్లు సగం తాగాక ఆయనే చెప్పాడు.

"జెట్టీ మీద జారలేదు రత్నం. వల దించుతుంటే తాడు కాలికి చుట్టుకుంది. వలతో పాటు లోపలికి లాక్కుపోయింది. ఎంతసేపో తెలవదు. బావ తాడు కోసి పైకి లాగాడు."

ఆ తర్వాత కూడా నిషేధం వచ్చేదాకా రోజూ అదే బోటెక్కి వెళ్లాడు. ఎక్కిన ప్రతిసారీ కాళ్ల దగ్గర తాడునే చూస్తూ కూర్చునేవాడినన్నాడు. నాకు చెప్పనందుకు ఒళ్లు మండింది. తెల్లవారకముందే లేచి సద్దికూడు కట్టి, జాగ్రత్తయ్యా అని మామూలుగా అనేసి మళ్లీ పడుకున్న ఆ పొద్దులన్నీ గుర్తొచ్చి ఏడుపూ వచ్చింది. ఆయన ఇన్నాళ్లూ అడుగుతున్న ప్రశ్న అప్పుడు అర్థమైంది. ఎన్ని కోళ్లుంటే తను సముద్రం మీదికి పోకుండా బతకొచ్చు అని అడుగుతున్నాడు. భయమేస్తోందని చెప్పుకోవడానికి మా పల్లెలో నోరు రాదు. అందుకని గుడ్లు పొదగేశాడు.

ఆ సాయంత్రం మేమిద్దరం కూర్చుని ఆలోచించాం. కోళ్లతో ఒక్క ఇల్లూ గడవదు, అది డేనియల్ గారి ఖాళీ షెడ్డే చెప్పింది. కానీ ఊళ్లో ఇన్ని బోట్లున్నాయి, చిరగని వల లేదు. అంత మంచి చెయ్యి ఉన్నవాడికి ఒడ్డున కూడా పని దొరుకుతుంది. నేను రేవులో చేప కోసే ఆడవాళ్లని అడిగితే, వేట మొదలయ్యాక వాళ్ల పేగులూ మొప్పలూ నాకే ఇస్తారు. దాంతో కోళ్లు కొంత పెరిగినా గింజ కొనక్కర్లేదు. ఇదంతా నేనే చెప్పాను. ఒక్కటి మాత్రం చెయ్యనన్నాను.

"మస్తానయ్య అన్నయ్యకి నువ్వే చెప్పుకోవాలి. నేను చెబితే పెళ్లాం ఆపిందంటారు. అది జనమంతా మర్చిపోయినా నువ్వు మర్చిపోవు."

సరేనన్నాడు. రేపు చెబుతానన్నాడు. ఆ రేపు రాలేదు. మృగశిర చినుకులు పడ్డాయి, రేవులో బోట్లకి రంగులు వేస్తున్నారు, ఇంజన్లు విప్పి బిగిస్తున్నారు. మస్తానయ్య మా ఇంటికి వస్తున్నాడని దూరం నుంచి కనపడితే చాలు, మా ఆయనకి తవుడు అయిపోయిందని గుర్తొచ్చేది. సంచి పట్టుకుని వెనక దొడ్డి దారిన అమృతలూరు పోయేవాడు. మస్తానయ్య నన్ను అడిగేవాడు, వాడు వస్తున్నాడా చెల్లెమ్మా అని. ఆయన్నే అడుగన్నయ్యా అనేదాన్ని. ఇంట్లో తవుడు బస్తాలు పేరుకుపోయాయి. చెప్పకపోతే ఈ మనిషి సిగ్గుకొద్దీ మళ్లీ బోటెక్కుతాడు, అదే నా భయం. ఆ రోజుల్లో నాకు అన్నం సయించలేదు.

గంగమ్మకి పూజ చేసి బోట్లు దించేముందు రోజు సాయంత్రం, మస్తానయ్య తెలివిగా కోళ్లు కమ్మే వేళకి వచ్చాడు. ఆ వేళ మా ఆయన ఎక్కడికీ పోలేడు. పిల్లలు అప్పటికి రెక్కలు తొడిగి ఒళ్లు చేశాయి. పాత గంప నిండిపోయింది, కొత్త గంపా నిండిపోయింది. వలలో చిక్కిన ఎర్ర పెట్టా, దాని పిల్లలూ ఎటు తోసినా పట్టక బయట మిగిలాయి. ఆయన ఆ పెట్టని చంకన పెట్టుకుని ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డాడు. మా అత్త అరుగు మీంచి చూస్తోంది. ఆమె పద్ధతి ప్రకారం ఆ పెట్ట పొద్దున్నే కూర.

"ఎల్లుండి చీకటితో కదులుతున్నాం రా. రేపు వల ఎక్కిస్తావా?" అన్నాడు మస్తానయ్య.

నా నోటి చివరిదాకా వచ్చిన మాటని పళ్ల కింద పట్టి ఆపాను.

"నేను రాను బావా" అన్నాడు మా ఆయన.

"ఈ ఒక్క వేటకేనా?"

"ఇంక రాను. నాకు భయమేస్తంది."

మస్తానయ్య తల పైన వేలాడుతున్న వలని, దాంట్లో నిలువునా పడిన చీలికని చూశాడు. మా ఆయన వలని మళ్లీ పైకి కట్టి, చీలికని అప్పటికి సగం దాకా కుట్టి ఉన్నాడు. మస్తానయ్య ఆ కుట్టుని వేళ్లతో తడిమాడు.

"భయం నాకూ ఉందిరా. ఆ తాడు కోసింది నేనే గదా. నాకు ఇంకో పని చేతగాదు కాబట్టి పోతన్నా" అన్నాడు. తన దగ్గర చిరిగిన వలలు రెండున్నాయని, రేపు పంపిస్తానని చెప్పాడు.

మా ఆయనకి ఇంకా మనసు నిలవలేదు. నేను లేకపోతే వల ఎవరు దించుతారు, చిక్కు పడితే ఎవరు తీస్తారు అని గొణగసాగాడు. అప్పుడు మా అత్త నోరు విప్పింది.

"నా కోడి కూయకపోతే ఊరికి తెల్లవారదందట ఎనకటికో ముసల్ది. నువ్వు లేకపోయినా పడవ పోయిద్దిలేరా."

అని మోకాళ్లు పట్టుకుని లేచి ఇంట్లోకి వెళ్లింది. అటక మీద ఏదో లాగుతున్న చప్పుడైంది. వయసు మీద పడ్డ మనిషి పడిపోతుందేమోనని నేను పరుగెత్తేలోపే, చేతుల్లో తన గంపతో బయటికి వచ్చింది. అది కోళ్ల గంప కాదు. వయసులో ఉన్నప్పుడు ఆమె చేపలు నింపి నెత్తిన పెట్టుకుని రేపల్లె దాకా నడిచిన గంప. తలకి ఆనిన చోట నల్లగా నున్నబడి ఉంటుంది. కోడలినైన నన్ను కూడా ఎన్నడూ ముట్టుకోనివ్వలేదు, అందుకే నేను ప్లాస్టిక్ టబ్బులతో సరిపెట్టుకున్నాను. దుమ్ము దులిపి, దాన్ని నేల మీద బోర్లించి ఒక పక్క ఎత్తి పట్టుకుంది.

"తోలు లోపలికి."

మా ఆయన పెట్టని లోపలికి వదిలాడు. పిల్లలు తల్లి వెనకే దూరాయి.

"పట్టినయ్. రాయి పెట్టు" అంది మా అత్త.

ఆయన రాయి తెచ్చి పెట్టాడు. కండువాతో మొహం తుడుచుకుంటూ చాలాసేపు వంగే ఉన్నాడు. వాతావరణం తేలిక పడాలని నేనే అన్నాను, ఇంటికి మూడు గంపలు చాలు, నాలుగోది తెచ్చావంటే దాని కింద నిన్నే కమ్ముతానని. మస్తానయ్య నవ్వాడు, టీ పెట్టమన్నాడు.

టీ గ్లాసులు కడుగుతూ మా అత్తని అడిగాను, ఆ తాడు సంగతి నీకు ముందే తెలుసా అని.

"పసుపు అద్దింది నువ్వేగా. జారిపడ్డోడికి కాలు చుట్టూతా తోలు లేస్తదా ఏంటే?"

"తెలిసి ఆ రెండో గంపకి అంత రాద్ధాంతం ఎందుకు చేశావత్తా?"

"గట్టిగా అడ్డంపడితే నోరు తెరిచి చెప్తాడనుకున్నా. గంపలు కొనుక్కొచ్చుకుంటాడు గానీ చెప్పడే" అంది. అని, ముక్కు చీదుకుని, ఈ ఇంట్లో మగాళ్లంతా ఇంతే అని తిట్టి పడుకుంది.

బోట్లు వెళ్లే రోజు నాకు మెలకువ వచ్చేసరికి ఆయన పక్కలో లేడు. పెరట్లోకి పరుగెత్తాను. గంపల మధ్య పీట వేసుకుని కూర్చుని ఉన్నాడు. రేవు వైపు నుంచి ఇంజన్ల చప్పుడు ఒకదాని వెనక ఒకటి వస్తోంది. మస్తానయ్య బోటు చప్పుడు ఆయనకి తెలుసు. అది రేవు మొగ దాటి సముద్రంలో కలిసేదాకా విని, ఇంక వినపడదని తేలాక లేచాడు. పాత గంప ఎత్తాడు. కొత్త గంప ఎత్తాడు. కోళ్లు బిలబిలమంటూ బయటపడి రెక్కలు దులుపుకున్నాయి.

చివర్న వాళ్లమ్మ గంప ఎత్తాడు. ఎర్ర పెట్ట బయటికి రాలేదు. ఆ గంప అల్లికలో ఎప్పటివో ఎండిన చేప పొలుసులు ఇంకా మిగిలి ఉన్నాయి కాబోలు, తల్లీ పిల్లలూ వాటినే పొడుస్తున్నాయి. ఆయన గంపని అలాగే ఎత్తి పట్టుకుని, అవి తినడం అయ్యేదాకా నిలబడ్డాడు.